మడత బ్యాటరీ సైకిల్: కొనేముందు షాపులోనే తేల్చుకోవాల్సినవి

ముప్పై నుంచి నలభై ఐదు వేల మధ్య దొరికే మడత బ్యాటరీ సైకిల్ గురించి ఎవరైనా మొదట అడిగేది "ఒక్క ఛార్జింగుకి ఎంత దూరం పోతుంది?" అని. ఆ తర్వాత మోటరు ఎన్ని వాట్లని. ఈ ధరలో ఆ రెండూ ఇంచుమించు అన్ని బండ్లలోనూ ఒకటే. ఎక్కువ మంది పెట్టేది 250 వాట్ల హబ్ మోటరు (చక్రం మధ్యలోనే ఉండేది), 36 వోల్టుల బ్యాటరీ. తేడా ఉండేది వేరే చోట. ఫ్రేముని మడిచే కీలులో, అంటే మడతబందులో, దాని పక్కగా పోయే వైర్లలో, బ్రేకుల్లో, బ్యాటరీ లోపలి సెల్స్‌లో. ధర తగ్గించాలంటే కంపెనీ కోత పెట్టేది కూడా అక్కడే. కాబట్టి చూసే వరుస తిరగేయాలి. మడత ముందు, మోటరు చివర.

అంతకంటే ముందు ఇంకో ప్రశ్న ఉంది. అసలు మడత మీకెందుకు? సూటిగా జవాబు చెప్పుకోలేకపోతే ఈ బండి వద్దు. ఇంటి ముందు వరండా, గేటు, తాళం ఉన్నవాళ్ళకు అదే డబ్బులో మడత లేని బ్యాటరీ సైకిల్ వస్తుంది. దానికి చక్రం పెద్దది, బ్రేకు మెరుగు, బ్యాటరీ కూడా ఒక మెట్టు పెద్దదే రావచ్చు. మడతబందుకూ, దాన్ని బిగించి ఉంచే లాచ్‌కూ, మడిచే హ్యాండిల్ రాడ్డుకూ పోయే డబ్బు అక్కడ మిగులుతుంది మరి. అనంతపురం సుభాష్ రోడ్డు పక్క సందుల్లో కింద షాపు, పైన ఇల్లు ఉండి పార్కింగ్ లేనివాళ్ళు, కమలానగర్, సాయినగర్ అపార్టుమెంట్లలో లిఫ్టు ఉన్నా సెల్లార్‌లో చోటు దొరకనివాళ్ళు, హాస్టల్ గదిలోనే పెట్టుకోవాల్సిన జేఎన్‌టీయూ పిల్లలు, కారు డిక్కీలో వేసుకొచ్చి రుద్రంపేట బైపాస్ దగ్గర దించుకుని ఊళ్ళోకి పోయేవాళ్ళు. వీళ్ళకు మడత అక్కరకొస్తుంది.

అనంతపురం నుంచి ధర్మవరానికో గుంతకల్లుకో రోజూ రైల్లో పోయివచ్చేవాళ్ళకు ఈ బండి మీద ఆశ పుట్టడం సహజం. కానీ కొలతలు ముందే తెలుసుకోండి. బోగీలోకి సొంత సామానుగా తీసుకుపోయే పెట్టెకి రైల్వే పెట్టిన హద్దు 100 × 60 × 25 సెంటీమీటర్లు. ఏసీ త్రీటైర్, చైర్‌కార్లలో ఇంకా తక్కువ, 55 × 45 × 22.5. ఇరవై అంగుళాల చక్రాల బండి మడిచాక సుమారు 85 × 65 × 40 ఉంటుంది. బరువు కాదు అడ్డం, మందం. స్లీపర్‌లో 40 కిలోలు, సెకండ్ క్లాసులో 35 కిలోల దాకా సామాను ఉచితమే, కానీ కొలత దాటినదాన్ని బ్రేక్ వ్యాన్‌లో బుక్ చేయమని అడిగే హక్కు టీటీఈకి ఉంది. ఖాళీ పాసింజర్ బండిలో ఎవరూ అడగకపోవచ్చు. ఆ ధైర్యం మీద మాత్రం నలభై వేలు పెట్టకండి.

ఇక బరువు. ఇనుప ఫ్రేమయితే 20 నుంచి 24 కిలోలు, అల్యూమినియం అయితే 17 నుంచి 20. ఖాళీ గ్యాస్ సిలిండర్‌కి ఎక్కువ, నిండుదానికి తక్కువ అనుకోండి. కాకపోతే సిలిండర్‌కి పట్టుకునే చోటుంటుంది, మడిచిన సైకిల్‌కి ఉండదు. చైను ప్యాంటుకి రాసుకుంటుంది, పెడల్ మోకాలికి తగులుతుంది. రెండో అంతస్తుకి మెట్లమీద మోయాల్సిన వాళ్ళు షాపులో బండిని మడిచి, ఒంటిచేత్తో ఎత్తి, ఆ షాపు మెట్లే ఒకసారి ఎక్కి దిగి చూడండి. సగం మంది నిర్ణయం అక్కడే మారుతుంది. మడిచాక సీటుపైపు మీద నిలబెట్టి చక్రాలమీద నెట్టుకుపోగలిగే మోడళ్ళు కొన్ని ఉన్నాయి. అపార్టుమెంటు వాళ్ళకు మిగతా హంగులన్నిటికంటే ఆ వసతి ఎక్కువ పనికొస్తుంది.

షాపుకి పోయేటప్పుడు కొలత టేపు, 5 మిల్లీమీటర్ల అలెన్ కీ, మామూలు మల్టీమీటరు, ఒక విజిటింగ్ కార్డు తీసుకుపోండి. సామాను తూచే కొక్కెం తూకం ఉంటే ఇంకా మంచిది. బ్రోషర్లో రాసే బరువు చాలాసార్లు బ్యాటరీ లేకుండా తూచినది.

మడతబందు దగ్గర మొదలుపెడదాం. ఫ్రేము మధ్యలో రెండు పైపులు కలిసే చోట రెండు పళ్ళాలు ఎదురెదురుగా ఉంటాయి. లాచ్ వేశాక ఆ రెండూ ఎక్కడా సందు లేకుండా అతుక్కోవాలి. విజిటింగ్ కార్డు అంచుని పైన, కింద, పక్కన పెట్టి తోసి చూడండి. ఎక్కడ దూరినా ఆ బండి వద్దు. సందు ఉందంటే పళ్ళాలు సరిగ్గా చెక్కలేదని అర్థం. గుంతలో పడ్డప్పుడల్లా బరువంతా మడతబందు పిన్ను మీదే పడి కొన్ని నెలల్లో అది వదులవుతుంది. తర్వాత ఎంత బిగించినా కిర్రుకిర్రు ఆగదు.

లాచ్ మీట మూసేటప్పుడు అరచేతిలో దాని అచ్చు పడేంత గట్టిగా ఉండాలి. రెండు వేళ్ళతో మూసుకుపోతే వదులు. ఒళ్ళంతా ఊపి నొక్కాల్సివస్తే అతిగా బిగించారు, మీట విరుగుతుంది. లాచ్ వెనక బిగించే నట్టో స్క్రూనో ఉంటుంది. అరచుట్టు అటో ఇటో తిప్పితే సరిపోతుంది. ఆ సర్దుబాటే లేని లాచ్ ఉన్న మోడల్ తీసుకోవద్దు, ఎందుకంటే అరుగుదల ఎలాగూ వస్తుంది. మీటకు తోడు రెండో కొక్కెం ఉండాలి. మీట తనంతట తాను తెరుచుకోకుండా ఆపేది అదే. అది స్ప్రింగుతో దానంతటదే పడాలి. మనం గుర్తుపెట్టుకుని వేయాల్సిన కొక్కేన్ని ఏదో ఒకరోజు మరిచిపోతాం.

హ్యాండిల్ రాడ్డు మడతకి పరీక్ష వేరు. ముందు చక్రం గోడకి ఆనించి, ముందు బ్రేకు పూర్తిగా నొక్కి, బండిని ముందుకూ వెనక్కూ ఊపండి. రెండో మనిషి చూపుడు వేలిని సరిగ్గా మడత అతుకు మీద, సగం పైభాగం సగం కిందిభాగం తాకేలా పెట్టాలి. టక్‌మని కదలిక వేలికి తెలిస్తే లాచ్ వదులు. అక్కడ కాక ఇంకా కింద, ఫోర్కు మొదలయ్యే చోట కదిలితే అది బేరింగు కప్పుల వదులు, పానాతో బిగిస్తే పోతుంది. రెంటికీ తేడా తెలియక బేరింగు బిగించి బండి అంటగట్టే షాపులున్నాయి. ఫ్రేము మడత నడుస్తూ తెరుచుకుంటే బండి కూలబడుతుంది. హ్యాండిల్ మడత తెరుచుకుంటే మనిషి నేరుగా ముందుకు పడతాడు. అందుకే నా లెక్కలో ఇదే పెద్ద పరీక్ష.

ఇప్పుడు వైర్లు. ధర తక్కువ బండ్లలో మొదట చెడిపోయేవి ఇవే. మడత దగ్గర బ్రేకు కేబుళ్ళు, గేరు కేబుల్, థ్రాటిల్ (తిప్పితే మోటరు లాగే పిడి) వైరు, డిస్‌ప్లే వైరు, బ్రేకు నొక్కితే మోటరు ఆపే రెండు సన్న వైర్లు, అన్నీ ఒక కట్టగా వంగి దాటుతాయి. బండి మడిచిన ప్రతిసారీ ఆ కట్ట అదే చోట వంగుతుంది. ప్లాస్టిక్ తొడుగు బాగానే కనిపిస్తుంది, లోపల రాగి పోగులు ఒక్కొక్కటే తెగుతుంటాయి. లక్షణాలు ఒక క్రమంలో వస్తాయి. మొదట గుంతలో పడ్డప్పుడు మోటరు ఒక్క క్షణం ఆగి మళ్ళీ లాగుతుంది. తర్వాత హ్యాండిల్ పూర్తిగా తిప్పితే డిస్‌ప్లే ఆరిపోతుంది. ఆపైన అసలు ఆన్ కాదు. అప్పుడు మెకానిక్ కంట్రోలర్ (మోటరుకి కరెంటు అందించే పెట్టె) పోయిందంటాడు, కొత్తది వేస్తాడు, రోగం అలాగే ఉంటుంది.

షాపులోనే దీన్ని పట్టుకోవచ్చు. స్టాండు వేసి వెనక చక్రం గాలిలో లేపండి. థ్రాటిల్ కొంచెమే తిప్పి చక్రం నెమ్మదిగా తిరుగుతుండగా, మడత దగ్గరి వైర్ల కట్టని రెండు వేళ్ళతో పట్టి నలువైపులా ఊపండి. హ్యాండిల్‌ని ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పండి. చక్రం ఒక్కసారి జంకినా, డిస్‌ప్లే ఒక్కసారి మినుకుమన్నా డెమో బండి కాదు, ఇంకో పీసు తెప్పించమనండి. పనిలో పనిగా, చక్రం తిరుగుతుండగానే ఎడమ బ్రేకు, కుడి బ్రేకు విడివిడిగా కొంచెం కొంచెం నొక్కండి. బ్రేకు ఇంకా పట్టకముందే మోటరు ఆగిపోవాలి. మడత తెరిచాక కట్ట కొంచెం వేలాడుతూ ఉండాలి. మడిచినప్పుడు బిగుసుకుపోతున్నా, సరిగ్గా మడత మీదే జిప్‌టై బిగించి ఉన్నా దాన్ని కత్తిరించి, ఇరుపక్కలా నాలుగు వేళ్ళ దూరంలో కట్టించి, మధ్యలో చుట్టుతొడుగు వేయించండి. కొత్త బండికి చేయించే మొదటి పని ఇదే కావాలి.

బ్యాటరీ ఫ్రేము పైపు లోపల ఉండి, బండి మడిస్తే తప్ప బయటికి రాని మోడళ్ళు చాలా ఉన్నాయి. చూడ్డానికి నీటుగానే ఉంటుంది, దొంగలకీ కనబడదు. కానీ ప్రతి ఛార్జింగుకీ మడత తెరవాలి, అంటే లాచ్‌కీ వైర్లకీ రోజూ అదనపు పని. బండిని ప్లగ్గు దగ్గరికి తీసుకుపోగలిగితే ఫరవాలేదు. లేదంటే సీటుపైపు వెనకో క్యారేజీ కిందో తాళంచెవితో ఊడివచ్చే బ్యాటరీ మేలు. బ్యాటరీ గుండా పోయే కరెంటు ఎక్కడా మడత దాటకుండా, వెనక సగంలోనే కంట్రోలర్, మోటరు ఉన్న బండి ఇంకా మేలు.

బ్యాటరీ మీద రాసినవాటిలో చూడాల్సింది వోల్టులు, ఏహెచ్ (ఆంపియర్ అవర్లు). రెండూ గుణిస్తే వాట్ అవర్లు. 36 × 7.8 అంటే 280. 36 × 10.4 అంటే 374. లోపల సెల్స్‌ని కాపాడే బీఎంఎస్, కంట్రోలర్ రెండూ పూర్తిగా పిండనివ్వవు కాబట్టి 280లో 250 దాకా వాడుకోవచ్చు. కాలు కదపకుండా థ్రాటిల్ మీదే ఊళ్ళో ఆగుతూ పోతూ ఉంటే కిలోమీటరుకి సుమారు 14 వాట్ అవర్లు ఖర్చవుతాయి. అంటే 18 కిలోమీటర్లు. నిజంగా తొక్కుతూ పెడల్ అసిస్ట్ (తొక్కేటప్పుడు మోటరు తోడుపడే పద్ధతి) వాడితే 8 చాలు, 30 దాటుతుంది. బ్రోషర్లో రాసే 45, 50 ఎక్కడివంటే, బక్కపలచని మనిషి, గాలి లేని చదును రోడ్డు, అన్నిటికంటే తక్కువ అసిస్ట్. అబద్ధమని కాదు, అది మన ప్రయాణం కాదు. రెండేళ్ళ వాడకం తర్వాత సత్తువ ఐదో వంతు తగ్గుతుందనుకుని లెక్క వేసుకోండి. ఎస్కేయూ (శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం) ఊరికి పది పదకొండు కిలోమీటర్లు. పోయిరావడం థ్రాటిల్ మీదే అనుకుంటే 7.8 ఏహెచ్ కొత్తలో కూడా చాలదు. అక్కడ ప్లగ్గు దొరకాలి, లేదా కాలు కదపాలి.

పైగా అనంతపురం చుట్టుపక్కలంతా గాలి ఎక్కువ. రామగిరి దగ్గర గాలిమరలు ఊరికే పెట్టలేదు. జూన్ నుంచి ఆగస్టు దాకా ఊరి బయట రోడ్డు మీద ఆ గాలి ఎదురైతే లెక్క ఇలా మారుతుంది. గంటకి 20 కిలోమీటర్ల వేగంతో పోయే బండికి గాలి లేనప్పుడు దాటాల్సిన అడ్డు సుమారు 20 న్యూటన్లు. గంటకి 15 కిలోమీటర్ల ఎదురుగాలి ఉంటే 40 దాటుతుంది. దూరం సగానికి పడిపోతుంది. చక్రం దగ్గర 230 వాట్లు కావాలి, అంటే మోటరు తన హద్దు దగ్గరే నిలకడగా పనిచేయాలి. వచ్చేటప్పుడు వెనకగాలి కలిసొస్తుంది కదా అంటే కొంత నిజమే, కానీ పోయేటప్పుడు పోగొట్టుకున్నదంతా తిరిగిరాదు. ఆ నెలల్లో వేగం 15కి దించి తొక్కడం ఒకటే దారి.

బ్యాటరీ బాగోగులు మల్టీమీటరు చెప్తుంది. పూర్తి ఛార్జింగు అయ్యాక 36 వోల్టుల లిథియం అయాన్ బ్యాటరీ 42 వోల్టులు చూపాలి. 41.8 అయినా సరే. ఛార్జరు పచ్చలైటు వేశాక కూడా 41 దాటకపోతే ఛార్జరైనా తేడా, లేదా లోపలి సెల్స్ ఎగుడుదిగుడుగా ఉన్నాయి. షోరూములో నెలల తరబడి ఖాళీగా పడున్న సరుకులో ఇది మామూలు. లేబుల్ మీద తయారైన నెల చూసి, ఆర్నెల్లు దాటితే కొత్త బ్యాటరీ అడగండి. మీటరు పుల్లలు రెండూ తగిలితే నిప్పురవ్వలు లేస్తాయి కాబట్టి షాపు మనిషి చేతే పెట్టించండి. తర్వాత తొక్కి చూసేటప్పుడు డిస్‌ప్లేలో వోల్టేజి పెట్టుకుని, ఆగి ఉన్నచోటి నుంచి పూర్తి థ్రాటిల్ ఇవ్వండి. మూడు వోల్టుల దాకా పడి మళ్ళీ లేస్తే మామూలే. ఐదు దాటి పడితే సెల్స్ నాసివి.

ఛార్జర్ల విషయంలో ఒక ప్రమాదం ఉంది. 42 వోల్టులది మామూలు లిథియం అయాన్‌కి. ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం 36 వోల్టుల బ్యాటరీ అయితే పన్నెండు సెల్స్ వరుస, దానికి 43.8. 48 వోల్టుల దానికి 54.6. పిన్ను మాత్రం ఒకేలా ఉంటుంది, దూరిపోతుంది. ఇంట్లో రెండు బండ్లుంటే ఛార్జరు మీద రంగు టేపు చుట్టి పెట్టుకోండి. లెడ్ యాసిడ్ బ్యాటరీతో ఇంకా చౌకగా వచ్చే మడత బండ్లున్నాయి. మోయలేనిదాన్ని మడిచి ఏం లాభం? వాటి గురించి ఇంక రాయను.

ఎండ సంగతి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. లిథియం బ్యాటరీ 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జింగుకి ఒప్పుకోదు, ఒప్పించినా లోపల పాడవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం బయట నలభై దాటుతుంది. రేకుల షెడ్డు కింద నిలిపిన బండి బ్యాటరీ అంతకంటే వేడిగా ఉంటుంది. ఇంటికి రాగానే ప్లగ్గులో పెట్టే అలవాటు మానుకుని, ఒక గంట నీడలో పెట్టి, పెట్టె మీద చెయ్యి వేస్తే వెచ్చదనం తెలియనప్పుడు పెట్టండి. సెలవులకి ఊరికి పోతూ ఫుల్ చేసి పెట్టి పోవడం కూడా తప్పే. సగం దగ్గర వదిలేయాలి.

మోటరు ఎక్కుడు పరీక్షకి టవర్ క్లాక్ దగ్గరి ఓవర్ బ్రిడ్జి ఉంది. ఎక్కుడు మొదట్లోంచి ఊపుతో పోతే ఏ బండైనా ఎక్కుతుంది. రద్దీ లేని వేళ, ఎక్కుడు మధ్యలో పక్కకి ఆపి, మళ్ళీ బయల్దేరండి. నూరు మీటర్లకి ఐదు మీటర్లు లేచే ఎక్కుడు మీద, మనిషీ బండీ కలిపి నూరు కిలోలయితే, గంటకి 15 కిలోమీటర్లు పోవడానికే 250 వాట్లు కావాలి. కాబట్టి థ్రాటిల్ మీదే లాగాలని ఆశించకండి. రెండు తొక్కులు తొక్కి ఊపు ఇచ్చాక మోటరు అందుకోవాలి. కదలకుండా మూలుగుతుంటే రెండు మూడు క్షణాల్లోనే థ్రాటిల్ వదిలేయండి, ఆ స్థితిలో కరెంటంతా వేడిగా మారి మోటరు చుట్టల్నీ కంట్రోలర్‌నీ కాలుస్తుంది. గేర్డ్ హబ్ మోటరయితే లోపలి నైలాన్ పళ్ళు అరుగుతాయి. చిన్న చక్రానికి ఇక్కడ ఒక లాభం ఉంది. మోటరు తిప్పే బలం అంతే ఉన్నా, 26 అంగుళాల చక్రం కంటే 20 అంగుళాల చక్రం రోడ్డుని దాదాపు మూడో వంతు ఎక్కువ బలంతో తోస్తుంది.

పళ్ళు లెక్కపెట్టడం చాలామంది మరిచిపోతారు. పెడల్ దగ్గరి పళ్ళచక్రం పళ్ళని వెనక చిన్న చక్రం పళ్ళతో భాగించండి. ఇరవై అంగుళాల చక్రం 25 కిలోమీటర్ల వేగంలో నిమిషానికి సుమారు 266 చుట్లు తిరుగుతుంది. 46 పళ్ళు, 18 పళ్ళు అయితే నిష్పత్తి 2.56, కాళ్ళు నిమిషానికి నూటనాలుగు చుట్లు తిప్పాలి. అంత వేగంగా ఎవరూ తొక్కరు. కాళ్ళు గాలిలో తిరుగుతున్నట్టుంటుంది, భారమంతా బ్యాటరీ మోస్తుంది. 52, 14 అయితే డెబ్బై రెండు, హాయిగా తొక్కొచ్చు. మూడుకి తక్కువ నిష్పత్తి, గేర్లు లేని బండి అయితే దాన్ని పెడల్ ఉన్న స్కూటర్‌గానే లెక్కేసుకోండి, మైలేజీ కూడా థ్రాటిల్ లెక్కే.

పెడల్ అసిస్ట్ ఈ ధరలో దాదాపు అన్నిటికీ అయస్కాంతం పళ్ళెం రకమే. పెడల్ తిరుగుతోందా లేదా అనేది మాత్రమే దానికి తెలుసు, ఎంత బలంగా తొక్కుతున్నారో తెలియదు. అందుకే మొదట ఒక అరక్షణం ఆలస్యంగా అందుకుని ఒక్క తోపు తోస్తుంది, తొక్కడం ఆపాక కూడా ఇంకో అరక్షణం లాగుతుంది. పాతూరు బజారు రద్దీలో ఆ తోపు ఎవరి కాలిమీదికైనా తీసుకుపోతుంది. అక్కడ అసిస్ట్ సున్నాకి దించి, లేదా వేళ్ళు బ్రేకు మీదే ఉంచి పోవాలి. అసిస్ట్ ఉన్నట్టుండి పనిచేయకపోతే పెడల్ ఇరుసు దగ్గర పళ్ళేనికీ సెన్సరుకీ మధ్య సందు చూడండి. రెండు మూడు మిల్లీమీటర్లు ఉండాలి. దుమ్ము, చైను జిడ్డు చేరి పళ్ళెం జరిగిపోవడమే మామూలు కారణం.

బ్రేకులు: కేబుల్‌తో లాగే డిస్కు, 160 మిల్లీమీటర్ల పళ్ళెం, రెండు చక్రాలకీ ఉంటే సరి. వెనక మాత్రం పట్టీ బ్రేకు పెట్టి మిగుల్చుకునే మోడళ్ళున్నాయి, వాన తగిలితే అవి జారతాయి. పొడి రోడ్డు మీద 20 వేగం నుంచి రెండు బ్రేకులతో నాలుగైదు మీటర్లలో ఆగాలి. మడత బండికి చక్రాల మధ్య దూరం తక్కువ, సీటు ఎత్తు. ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పడితే వెనక చక్రం లేస్తుంది, కాబట్టి వెనకది ముందు, ముందుది వెంటనే. ఈ డిస్కుల్లో ఒక ప్యాడే కదులుతుంది. రెండోది నిలకడగా ఉంటుంది, అరిగేకొద్దీ దాన్ని 5 మిల్లీమీటర్ల అలెన్ కీతో మనమే లోపలికి తిప్పాలి. పళ్ళేనికీ దానికీ మధ్య కాగితం దూరేంత సందు చాలు. అది తెలియక కేబులే బిగిస్తూ పోతే పళ్ళెం ఒకపక్కకి వంగి కీచుమంటుంది.

చక్రాలు 16 అంగుళాలవి వద్దు, 20 అంగుళాలవే తీసుకోండి. చిన్న చక్రం గుంతలో ఎక్కువ దిగుతుంది, దెబ్బంతా మడతబందు తింటుంది. టైరు వెడల్పు 1.95 లేదా 2.125 ఉంటే మన రోడ్లకి బాగుంటుంది. గాలి ఎంతో టైరు పక్కనే అచ్చేసి ఉంటుంది. పంక్చర్ షాపు కంప్రెసర్‌తో పట్టిస్తే చిన్న ట్యూబు క్షణాల్లో నిండి పగులుతుంది, కొంచెం కొంచెంగా పట్టించండి.

ఇక పల్లేరుకాయలు, కంపముళ్ళు. వెనక చక్రంలో మోటరు ఉంది కాబట్టి పంక్చర్ వేసేవాళ్ళు చాలామంది చెయ్యి వేయరు. నిజానికి చక్రం ఊడదీయాల్సిన పనే లేదు. స్విచ్చి ఆపి, బ్యాటరీ తీసి, బండిని పక్కకి పడుకోబెట్టి, చైను లేనివైపు టైరు అంచు మాత్రమే విప్పి, ముల్లు ఉన్నచోట ట్యూబు బయటికి లాగి అక్కడే అతికించొచ్చు. టైరు లోపల గుడ్డతో చుట్టూ తుడవండి, ఇంకో ముల్లు తప్పకుండా ఉంటుంది. వాల్వు దగ్గర చిరిగితే మాత్రం చక్రం తీయాలి. విప్పేముందు ఇరుసుకి రెండువైపులా వాషర్లు ఏ వరుసలో ఉన్నాయో ఫోన్లో ఫోటో తీసుకోండి. మోటరు వైరు కనెక్టరు మీద బాణం గుర్తులు ఎదురెదురుగా వచ్చేలా మాత్రమే తిరిగి తోయాలి, తిప్పి తోస్తే పిన్నులు వంగుతాయి. వాషర్లలో ఒకదానికి కొక్కెంలాంటి పన్ను ఉంటుంది. అది ఫ్రేము గాడిలోకి దిగాలి. దాన్ని తప్పుగా వేసినా, 18 మిల్లీమీటర్ల నట్లు వదులుగా వదిలేసినా, మొదటిసారి థ్రాటిల్ ఇచ్చినప్పుడు చక్రానికి బదులు ఇరుసే గిర్రున తిరిగి వైర్లని మెలిపెట్టి తెంపేస్తుంది. మోటరు, కంట్రోలర్ రెండూ ఒకేసారి పోయే దారి ఇది.

నీళ్ళ విషయం క్లుప్తంగా. ఐపీఎక్స్4 అంటే చిలకరింపుని తట్టుకోవడం, అంతే. ఇరుసు నేలకి జానెడు పైన, 25 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి కాలనీల్లోకి వచ్చినలాంటి నీళ్ళలో ఈ బండి దింపకూడదు. మోటరు వైరు ఇరుసు నుంచి బయటికి వచ్చాక ముందు కొంచెం కిందికి వేలాడి తర్వాత పైకి పోవాలి, అప్పుడు వాన చుక్క ఇరుసులోకి జారదు. సర్వీసు సెంటర్ల ప్రెషర్ వాటర్‌తో కడిగించకండి, తడిగుడ్డ చాలు.

చట్టం ప్రకారం, కేంద్ర మోటరు వాహనాల నియమాలు 1989లోని రెండో నియమం చెప్పేది ఇది: మోటరు ముప్పై నిమిషాల సామర్థ్యం 250 వాట్లలోపు, వేగం 25 కిలోమీటర్లలోపు ఉంటే అది మోటరు వాహనం కిందికి రాదు. రిజిస్ట్రేషన్, లైసెన్సు అక్కర్లేదు. ఏఆర్ఏఐ, ఐక్యాట్ లాంటి పరీక్షా సంస్థ ఇచ్చిన పత్రం కాపీ షాపులో అడిగి తీసుకోండి. డిస్‌ప్లే మెనూలో హద్దు తీసేసి 35 చేసిస్తామని షాపువాడు ఉచితంగా చెప్పే ఆఫర్‌తో జాగ్రత్త. అప్పుడది రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్సు లేని మోటరు వాహనమవుతుంది, ఎవరికైనా తగిలితే తెలుస్తుంది.

చీర, చుడీదార్ వేసుకునేవాళ్ళకి ఈ బండి ఎక్కడం సుఖం, ఫ్రేము కిందికి ఉంటుంది. కానీ వెనక చక్రానికి చీరగార్డు వీటికి రాదు, విడిగా వేయించాలి. క్యారేజీ మీద పిల్లల్ని ఎక్కించడానికి లేదు. పొడుగువాళ్ళు సీటు పెంచేటప్పుడు పైపు మీది గీత బయటికి రానివ్వకండి. గీత దాటితే పైపు పట్టు తప్పి ఫ్రేము నోరు చీలుతుంది.

ఖర్చు లెక్కలో కరెంటు ఒక అంకె కాదు. 280 వాట్ అవర్ల బ్యాటరీ నింపడానికి మూడో వంతు యూనిట్, అంటే రెండు రూపాయల లోపో అటూఇటో. అసలు ఖర్చు బ్యాటరీ మార్చడం. కొత్తది 12 వేలు అనుకుని, 500 ఛార్జింగులు, ఒక్కో దానికి 18 కిలోమీటర్లు లెక్కేస్తే కిలోమీటరుకి రూపాయి పావలా చిల్లర పడుతుంది. కరెంటుకి పడేది పది పన్నెండు పైసలు. తొక్కుతూ పోతే ఆ రూపాయి పావలా సగానికి దగ్గరగా దిగుతుంది. కాబట్టి బేరం ఆడేటప్పుడు హెల్మెట్టు, తాళం ఉచితంగా అడగడం కంటే బ్యాటరీ వారంటీ ఎన్ని నెలలు, ఎంత శాతం తగ్గితే మారుస్తారు అన్నది బిల్లు మీద రాయించుకోవడం మేలు. లాచ్, మడతబందు పిన్ను విడిగా దొరుకుతాయా, ఎక్కడినుంచి తెప్పిస్తారు అని కూడా అడగండి. టైరు, బ్రేకు, స్పోకు మన ఊరి ఏ సైకిల్ షాపులోనైనా అవుతాయి. లాచ్ మాత్రం ఆ మోడల్‌దే కావాలి, దానికోసం బెంగళూరు నుంచి పార్సిల్ వచ్చేదాకా బండి మూలన ఉంటుంది.

తెచ్చుకున్నాక మొదటి రెండు వందల కిలోమీటర్లలో మూడు పనులు ఉంటాయి. స్పోకులు సాగుతాయి, ఒక్కొక్కటీ వేలితో మీటి, మొద్దుగా మోగినవి బిగించాలి. బ్రేకు కేబుళ్ళు వదులవుతాయి. లాచ్ నట్టు పావుచుట్టు పడుతుంది. ఆపైన నెలకొకసారి మడతబందు విప్పి, దుమ్ము తుడిచి, పిన్నుకి కొంచెం గ్రీజు పెట్టి, వెల్డింగు చుట్టూ రంగుమీద వెంట్రుకంత గీత ఏదైనా ఉందేమో గోటితో రాసి చూడండి. గోరు ఆగితే అది పగులు. అల్యూమినియం ఫ్రేమయితే ఊళ్ళో వెల్డింగ్ షాపులో అతికించకూడదు. ఆ వేడికి చుట్టూ ఉన్న లోహం మెత్తబడి పక్కనే మళ్ళీ పగులుతుంది. అక్కడితో తొక్కడం ఆపి వారంటీ కింద ఫ్రేము మార్చమని అడగడమే.